మృగనిరీక్షణ శాస్త్రం (అనంతపుర భాష్య సహితం)

ఉపోద్ఘాతం

ఏ శాస్త్రమైనా మొదలుపెట్టేముందు నాలుగు సంగతులు తేల్చుకోవాలని పెద్దలు విధించారు. చెప్పే విషయం ఏమిటి, దానికీ గ్రంథానికీ సంబంధం ఏమిటి, చదివితే ఒరిగేది ఏమిటి, చదవడానికి అర్హుడెవడు. ఈ శాస్త్రానికి విషయం, జూలో జంతువును ఫోటో తీయడం. సంబంధం, జంతువుకూ మనకూ మధ్యనున్న ఇనుప జాలీ. ప్రయోజనం, వాట్సాప్ స్టేటస్. ఇంతవరకూ పండితుల్లో తగాదా లేదు. అర్హుడెవడన్న దగ్గరే పేచీ వచ్చింది.

పూర్వపక్షం ఇలా ఉంది: 'అనంతపురంలో చెప్పుకోదగ్గ జూ లేదు. పులిని చూడాలంటే బెంగళూరు పక్కన బన్నేరుఘట్టకు పోవాలి, లేకపోతే తిరుపతికి బస్సెక్కాలి. అట్లాంటి ఊళ్లో కూర్చుని జూ ఫోటోల మీద శాస్త్రం రాయడం విడ్డూరం కాదా?'

దీనికి సమాధానం. ఈ శాస్త్రంలో జంతువు పాత్ర బహు స్వల్పం. తొంభై పాళ్లు ఎదురుచూపు, తొమ్మిది పాళ్లు మెడనొప్పి, మిగిలిన ఒక పాలు ఫోటో. తొంభై పాళ్లలో ఆరితేరినవాడు మిగతా పది పాళ్లు బస్సులో నేర్చుకోగలడు. ఎదురుచూపులో మా జిల్లాకు సాటివచ్చే విద్యాపీఠం దేశంలో ఎన్ని ఉన్నాయో చెప్పమనండి. వాన తక్కువ పడే జిల్లాల పేర్లు చెప్పమంటే జైసల్మేరు తర్వాత మా పేరు చెప్పడం అందరికీ అలవాటే.

ప్రథమ ప్రకరణం: అధికారి నిర్ణయం

సూత్రం: విత్తనం చేతిలో, చూపు మోడంలో. వాడే అధికారి.

భాష్యం: ఏడాదికి మాకు రావలసిన వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. అది రావలసిన లెక్క మాత్రమే. నైరుతి మేఘాలను పడమటి కనుమలు తమ వైపే పిండుకుంటాయి. ఈశాన్యం నుంచి వచ్చేవి నెల్లూరు, చిత్తూరు వైపు మూట విప్పి, ఒట్టి చేతులతో ఇటు తిరుగుతాయి. రెండు రుతుపవనాలూ దారి తప్పకుండా వచ్చి, మమ్మల్ని మాత్రం పలకరించకుండా పోతాయి.

మృగశిర కార్తె పోతుంది, ఆరుద్ర పోతుంది. శెనక్కాయ విత్తనం కొట్టంలో మూటగట్టి ఉంటుంది. పునర్వసులో ఉరవకొండ మీద మోడం కమ్ముకుంటుంది. గాలి చల్లబడుతుంది. మట్టివాసన కూడా వస్తుంది. జనం అరుగుల మీది నుంచి లేచి నిలబడతారు. ఆ మోడం సావకాశంగా ఒళ్లు విరుచుకుని, సరిహద్దు దాటి బళ్లారి మీద కురుస్తుంది. అరుగుల మీద మళ్లీ కూర్చుంటారు. ఎవరూ ఆకాశాన్ని తిట్టరు. మరీ ఆలస్యమైతే విరాటపర్వం చదివిస్తారు.

జూలో సింహం సరిగ్గా ఇదే చేస్తుంది. రోజుకు 20 గంటల దాకా నిద్రపోగల జంతువు అది. మధ్యాహ్నం ఒక్కసారి తల ఎత్తుతుంది. ముందుకాళ్లు చాపుతుంది. నోరు తెరవబోతుంది. కంచె వెంబడి జనమంతా కెమెరాలు ఎత్తుతారు. అది అటు తిరిగి, వీపు చూపించి, పడుకుంటుంది. తక్కిన జిల్లాలవాళ్లు 'ఛ' అని ముందుకు కదులుతారు. అనంతపురంవాడు ఒక్కడే 'వస్తాదిలేప్పా' అని అక్కడే నిలబడతాడు. అర్హత అంటే అదే.

ద్వితీయ ప్రకరణం: పూర్వాచార్యులు

ఈ శాస్త్రం నిన్నమొన్న పుట్టింది కాదు. 1851లో వచ్చిన తడి కొలోడియన్ పద్ధతిలో గాజుపలక మీద మందు పూసి, అది ఆరేలోపల బొమ్మ తీసి, కడిగేయాలి. ఎండ బాగున్నా లెన్సు మూత క్షణాల తరబడి తెరిచి ఉంచాలి. ఆ లోపల జంతువు చెవి ఆడించిందా, ఫోటోలో చెవి ఉండదు. అందుకే ఆనాటి ఆచార్యులు నిద్రపోయే జంతువులను నెత్తిన పెట్టుకున్నారు.

1852లో స్పెయిన్ రాజవంశీకుడైన మోంటిసోన్ ప్రభువు లండన్ రీజెంట్స్ పార్కు జూలో ఒక నీటిగుర్రాన్ని ఫోటో తీశాడు. దాని పేరు ఒబేష్. నైలు నది నుంచి 1850లో లండన్ చేరింది. రోమన్ల కాలం తర్వాత ఐరోపాలో కాలుపెట్టిన తొలి నీటిగుర్రమని జనం దానికోసం విరగబడ్డారు. ఫోటోలో అది ఒక పక్కకు ఒరిగి హాయిగా కునుకు తీస్తూ ఉంటుంది. దాని వెనక ఊచలు. ఊచల అవతల నిలబడి తొంగిచూస్తున్న జనం. కెమెరా నీటిగుర్రం వైపున ఉంది గనక, బోనులో పెట్టింది జనాన్నే అనిపిస్తుంది. ప్రభువు ఈ భావాన్ని ఉద్దేశించాడో లేదో చెప్పలేం. కానీ ఈ ఫోటోను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. సిద్ధాంత ప్రకరణంలో దీనితో పని ఉంది.

అదే జూలో ఆ తర్వాత ఫ్రాంక్ హేస్ అనే ఆయన ఒక ఆడ క్వాగాను ఫోటో తీశాడు. క్వాగా అంటే ముందు సగం చారల గుర్రం, వెనక సగం మామూలు గుర్రం అన్నట్టుండే దక్షిణాఫ్రికా జంతువు. బతికున్న క్వాగా ఫోటోలు లోకం మొత్తం మీద అయిదే మిగిలాయి. ఆ అయిదూ ఆ ఒక్క జంతువువే. 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జూలో చివరి క్వాగా చచ్చిపోయింది. హేస్ ఆ రోజు 'ఎండ సరిగా లేదు, రేపు చూద్దాం' అని ఇంటికి పోయి ఉంటే ఆ అయిదు కూడా మనకు పూర్తిగా దక్కేవి కావు.

1878లో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ అమెరికాలో పన్నెండు కెమెరాలు వరసగా పేర్చి, దారాలు కట్టి, పరిగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేల వదులుతాయని నిరూపించాడు. ఆ పద్ధతినే మన దేశపు అడవిలోకి తెచ్చినవాడు ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ అనే అటవీ అధికారి. పులి నడిచే బాటలో తీగ కట్టి, తను ఇంటికి పోయేవాడు. రాత్రి పులి వచ్చి తీగ తొక్కి, తన ఫోటో తనే తీసుకునేది. ఆయన పుస్తకం 1927లో వచ్చింది. మెడనొప్పిని పూర్తిగా జంతువుకు అప్పగించిన ఏకైక ఆచార్యుడిగా ఆయన్ను శాస్త్రం గౌరవిస్తుంది.

1933లో ఆస్ట్రేలియాలోని హోబర్ట్ జూలో డేవిడ్ ఫ్లే అనే జంతుశాస్త్రవేత్త థైలసీన్‌ను సినిమా తీశాడు. దాన్నే టాస్మేనియా పులి అంటారు. తీస్తూ ఉండగా ఆ జంతువు ఆయన పిరుదు కొరికింది. మూడేళ్లకు, 1936లో, ఆ జూలోనే చివరి థైలసీన్ పోయింది. జాతి అంతరించే ముందు తన అభిప్రాయం స్పష్టంగా చెప్పి వెళ్లిన జంతువు ఇదొక్కటే. దీన్నుంచి పుట్టిన సూత్రం: చూపు ముందుకు, ధ్యాస వెనక్కు.

ఇక మన ఆచార్యులు. లేపాక్షి ఊరి మొదట్లో ఏకశిలా బసవన్న కూర్చుని ఉన్నాడు. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. విజయనగర కాలం నుంచి ఒకటే భంగిమ. తోక విసరడు, ముఖం తిప్పడు, ఈగ వాలినా చర్మం జలదరించదు. ఈ శాస్త్రంలో ఒకటో తరగతి అక్కడే. బసవన్న దగ్గర కూడా ఫోటో చెదిరిందంటే దోషం జంతువుది కాదని తర్కశాస్త్ర ప్రకారం రుజువైపోతుంది. ఆదివారం పూట అక్కడ నిలబడి చూస్తే ఈ రుజువు గంటకు పదిసార్లు జరుగుతుంది.

ఆ ఊరి గుడి లోపల రెండో తరగతి. ఒక ఆవు శిల్పం ఉంది. మొండెం ఒకటే, తలలు మూడు. ఏ రెండు తలలు చేత్తో మూసినా మూడో తలతో ఆవు నిండుగా కనిపిస్తుంది. జంతువు తల తిప్పేస్తుందన్న బాధ పదహారో శతాబ్దపు శిల్పికి కూడా ఉన్నట్టుంది. ఏ తల ఎప్పుడు తిప్పుతుందోనని కాచుకోకుండా మూడూ చెక్కి పారేశాడు. కెమెరా కంపెనీలు ఇంకా ఆ స్థాయికి రాలేదు.

తృతీయ ప్రకరణం: మతభేదాలు

జూలో కంచె ముందు నిలబడేవారిలో అయిదు మతాలున్నాయి.

మొదటివారు తట్టువాదులు. గాజును వేలితో, జాలీని తాళంచెవితో తట్టితే జంతువు లేచి పోజిస్తుందని వీరి నమ్మకం. రెండోవారు ఈలవాదులు. వీరు పులిని కూడా 'ఉష్ ఉష్' అనే పిలుస్తారు. పులికి ఈ భాష రాదని ఎన్ని తరాలు గడిచినా వీరు ఒప్పుకోరు. మూడోవారు శెనక్కాయవాదులు. బోర్డు మీద 'జంతువులకు తిండి పెట్టరాదు' అని రాసి ఉంటుంది. వీరు ఆ బోర్డుకు ఆనుకునే పొట్లం విప్పుతారు. నాలుగోవారు ధారావాదులు. బటన్ మీద వేలు ఆనించి, మెషిన్‌గన్ మోత మోగించి, 'ఇన్నిట్లో ఒకటన్నా పడకపోతుందా' అంటారు. రాత్రికి ఇంట్లో కూర్చుని ఒకే ఎలుగుబంటి వీపు మూడు వందల సార్లు చూస్తారు. అయిదోవారు మౌనవాదులు. వీరు ఏమీ చేయరు. వీరి సంఖ్య తక్కువ. వీరి పిల్లలు వీరిని 'నాన్నా, పోదాం పా' అని లాగుతూ ఉంటారు.

తట్టువాదాన్ని ఖండించడానికి మా జిల్లా చరిత్రలోనే ప్రమాణం ఉంది. వాన ఎంతకీ రాకపోతే ప్రభుత్వం 2003 నుంచి కొన్నేళ్లు మేఘమథనం చేయించింది. విమానాలు మోడంలోకి పోయి రసాయనం చల్లాయి. కొన్నిచోట్ల వాన పడింది. అది విమానం వల్ల పడిందా, పడాల్సింది పడిందా అన్న చర్చకు రచ్చబండ మీద ఎవరూ తెర దించలేరు. తట్టువాది పరిస్థితీ ఇదే. ఆయన తట్టాడు, పులి లేచింది. తట్టినందుకు లేచిందా, లేవబోతుండగా తట్టాడా? ఈ సంశయం తీరకుండానే తట్టువాదులు తమ గెలుపు ప్రకటించుకుని ఐస్‌క్రీం బండి దగ్గరికి వెళ్లిపోతారు.

కీపర్ల సాక్ష్యం మాత్రం వేరుగా ఉంది. ఒక జూలో ఒకాయన్ను అడిగాం: 'అన్నా, ఎప్పుడు లేస్తాది ఇది?' ఆయన బక్కెట్టు కింద పెట్టి చెప్పాడు: 'నా బండి సౌండు వినపడితే లేస్తాది సార్. మీకోసం లేయదు.' ఈ రెండు వాక్యాలకు మించిన శబ్దప్రమాణం ఈ శాస్త్రంలో లేదు.

చతుర్థ ప్రకరణం: సాధన

ప్రథమ సూత్రం: ముందు వేళ, తర్వాత కెమెరా.

భాష్యం: పొద్దున గేటు తీసిన మొదటి గంట, సాయంత్రం మేత వేళకు ముందు గంట, ఈ రెండే జంతువులకు ఒళ్లు కదిలే సమయాలు. మనవాళ్లు తెల్లవారుజామున బస్సెక్కి, దారిలో ఉగ్గాణి బజ్జీ తిని, మిట్టమధ్యాహ్నం జూ చేరి, చెట్టుకింద చిత్రాన్నం డబ్బా విప్పి, అప్పుడు సింహం దగ్గరికి పోయి 'ఇదేంది, పండుకోనుంది?' అంటారు. ఆ వేళకు తింటే మనమైనా పడుకుంటాం. ఇంకొకటి, జూకు వారానికో సెలవు ఉంటుంది. బన్నేరుఘట్టకు మంగళవారం, హైదరాబాద్ నెహ్రూ జూకు సోమవారం. ఈ సంగతి తెలియనివారి ఆల్బముల్లో మూసిన గేట్ల ఫోటోలు చాలా బాగా వచ్చాయి. గేటు కదలదు కదా.

ద్వితీయ సూత్రం: జాలీ మిథ్య.

భాష్యం: ఇక్కడ అద్వైతం అక్షరాలా పనిచేస్తుంది. లెన్సును జాలీకి వీలైనంత దగ్గరగా పెట్టి, అపర్చర్‌ను పూర్తిగా తెరిచి, జాలీకి దూరంగా ఉన్న జంతువు కంటి మీద ఫోకస్ పెడితే జాలీ మాయమైపోతుంది. లెన్సుకు అంత దగ్గరగా ఉన్న తీగ బొమ్మలో గీతగా నిలవలేక, చెదిరి చెదిరి, పొగలా కరిగిపోతుంది. జాలీ మీద ఎండ పడితే మాత్రం ఆ పొగ తెల్లగా కనిపిస్తుంది. అందుకని నీడపడిన జాలీ వెతుక్కోవాలి. జంతువు జాలీకి ఆనుకుని ఉంటే మాయావాదం పనిచేయదు. అప్పుడు ద్వైతమే గతి.

తృతీయ సూత్రం: గాజులో కనిపించేది నీవే.

భాష్యం: గాజు గోడ ముందు లెన్సు అంచును గాజుకు ఆనించి, చుట్టూ నల్లగుడ్డ కప్పాలి. ఫ్లాష్ వేయరాదు. ఇది పాటించనివారి ఫోటోల్లో కొండచిలువ పొట్టలో గళ్లచొక్కా వేసుకున్న మనిషి నిలబడి ఉంటాడు. మింగిందేమోనని చూసినవాళ్లు కంగారుపడతారు.

చతుర్థ సూత్రం: మలుపు దగ్గర కాచుకో.

భాష్యం: ఇది శాస్త్రానికి ఆయువుపట్టు. బోనులో పులిని కాసేపు గమనిస్తే అది ఊరికే తిరగడం లేదని తెలుస్తుంది. గోడవారగా గడ్డి అరిగిపోయి మట్టి తేలిన బాట ఒకటి ఉంటుంది, జానెడు వెడల్పున. పులి దాని మీదనే నడుస్తుంది. గోడ కొసకు వచ్చేసరికి తల కాస్త వంచి, భుజం గోడకు రాస్తూ మలుపు తిరుగుతుంది. రాసుకున్నచోట సున్నం పోయి నున్నగా, జిడ్డుగా మెరుస్తుంటుంది. ప్రతిసారీ అక్కడే, ప్రతిసారీ అటువైపుకే. తిరిగేటప్పుడు ఒక్క క్షణం ముఖం పూర్తిగా మన వైపుకు వస్తుంది. ఫోటోగ్రాఫర్ ఆ చోటుకు ముందే ఫోకస్ పెట్టుకుని, పులి వీపు చూపిస్తున్నంతసేపూ ఊపిరి పీల్చుకుని, మలుపు దగ్గర బటన్ నొక్కితే చాలు. పత్రికల్లో వచ్చే 'నేరుగా కళ్లలోకి చూస్తున్న పులి' ఫోటోలు చాలామటుకు ఇట్లా పుట్టినవే.

ఇక్కడ గమనింపు వల్ల ఒక చిక్కు వచ్చిపడింది. మన సౌకర్యం కోసం ఏర్పడినట్టున్న ఆ నడక జంతువుకు జబ్బు. పని లేక, పోయే చోటు లేక, చేసిందే చేయడం. అడవిలో ఎంత విశాలంగా తిరిగే మాంసాహారి అయితే బోనులో ఈ నడక అంత ఎక్కువని 2003లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు నేచర్ పత్రికలో చూపించారు. అందుకే మంచి జూలు ఇప్పుడు మాంసం దాచిపెట్టడం, దుంగలు మార్చడం, కొత్త వాసనలు వేయడం లాంటివి చేసి జంతువుకు ఏదో ఒక వ్యాపకం కల్పిస్తున్నాయి. అట్లా వ్యాపకం దొరికిన పులి మలుపు దగ్గరికి వేళకు రాదు. ఫోటో తప్పిపోతుంది. శాస్త్రకారులకు అది నష్టం. పులికి అది బాగుపడటం. ఈ రెండింటిలో దేనికి సంతోషించాలో ఎరగనివాడు ఈ ప్రకరణం మొదటినుంచి మళ్లీ చదవాలి.

పంచమ ప్రకరణం: వీరాపురం విపర్యయం

జూ నియమాలన్నీ తలకిందులయ్యే క్షేత్రం ఒకటి మాకుంది. లేపాక్షికి దగ్గర్లో, చిలమత్తూరు మండలంలో వీరాపురం. 2022లో జిల్లా చీలినప్పుడు ఈ ఊరు శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది. కొంగలకు ఆ ఉత్తర్వు ఇంకా అందలేదు. ఏటా చలికాలం చివర్లో ఎర్రకాళ్ల కొంగలు వందలకొద్దీ వచ్చి ఊరి నడుమ చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. కొందరు వీటిని సైబీరియా కొంగలంటారు. పాపం వీటికి సైబీరియాతో చుట్టరికం లేదు, దక్షిణాసియా పక్షులే. పసుపుపచ్చ ముక్కు, నారింజరంగు బోడితల, తోక దగ్గర గులాబీ ఈకలు.

ఇక్కడ కంచె లేదు, టికెట్ లేదు, సెలవు లేదు. పక్షులు పైన, మనుషులు కింద. ఊరివాళ్లు వాటిని రాయి విసిరి తోలరు, తోలనివ్వరు. ఫోటోగ్రాఫర్లు మాత్రం చెట్టుకింద నిలబడి తలలు ఎత్తి ఉంటారు. వాన కోసం గొడుగు కొనవలసిన అవసరం పెద్దగా లేని మా సీమలో గొడుగుకు శాస్త్రోక్తమైన వినియోగం ఇక్కడే ఉంది. కారణం పాఠకులు ఊహించుకోగలరు. బెదిరిన కొంగపిల్ల మింగిన చేపను కక్కి, గూట్లో చచ్చినట్టు పడుకుంటుంది. ఆ చేప ఎక్కడ పడుతుందన్నది న్యూటన్ చూసుకుంటాడు.

కాపు కాసినవారికి ఇక్కడ కనిపించే దృశ్యం ఒకటుంది. మిట్టమధ్యాహ్నం, ఎండ నెత్తిన దిగినప్పుడు, తల్లికొంగ గూటి అంచున నిలబడి రెక్కలు సగం విప్పుతుంది. ఎగరడానికి కాదు. పిల్లల మీద నీడ పడాలి. ఎండ జరిగినకొద్దీ కాస్త కాస్త పక్కకు తిరుగుతూ రెక్క సర్దుకుంటుంది. పెద్ద కొంగకు గొంతు దాదాపు లేనట్టే, ముక్కు టకటకలాడించడం తప్ప. పిల్లలు మాత్రం గోలగోలగా అరుస్తాయి. అది అట్లా ఎంతసేపు నిలబడుతుందో చూద్దామని కూర్చున్న ఫోటోగ్రాఫర్ ముందుగా తనే ఎండకు తాళలేక, నీళ్ల సీసా వెతుక్కుంటూ అరుగు మీదికి పోతాడు. కొంగ మాత్రం ఎక్కడికీ పోదు.

ఉరవకొండ, విడపనకల్లు వైపు నల్లరేగడి పొలాల్లో కృష్ణజింకలున్నాయి. రాష్ట్ర జంతువు గనక వాటికి గౌరవం ఎక్కువ. పంటలో పడినప్పుడు రైతుకు ఆ గౌరవం కాస్త తగ్గుతుంది. పొలం గట్టున ట్రైపాడ్ వేసుకున్న పట్నం మనిషికీ, రైతుకూ జరిగిన సంవాదాన్ని శాస్త్రం ఇట్లా భద్రపరిచింది. 'అన్నా, జింకలు ఎప్పుడొస్తాయి?' 'నువ్వు పోయినాక వస్తాయప్పా.'

షష్ఠ ప్రకరణం: దోషాలు

ఫోటో దోషాలు చాలా చిన్నవి: తోక తెగడం, కన్ను మూసుకోవడం, పక్కింటి పిల్లాడి తల అడ్డం రావడం. వీటికి ప్రాయశ్చిత్తం మళ్లీ తీయడమే. ప్రాయశ్చిత్తం లేని దోషం ఒక్కటే, కంచె దాటడం. తిరుపతి శ్రీవేంకటేశ్వర జూ 1987లో మొదలైంది. అడవితో కలిపి 5,500 ఎకరాల పైచిలుకు. అంత చోటులో సందర్శకుడికి దాటకూడనివి నాలుగు కంచెలు, కందకాలు మాత్రమే. 2024 ఫిబ్రవరిలో ఒక సందర్శకుడు సింహం ఆవరణలో దిగి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఈ ప్రకరణంలో వ్యంగ్యానికి చోటు లేదు. దగ్గర కావాలంటే లెన్సు మార్చుకోవాలి. లెన్సు లేకపోతే దూరంగానే చూడాలి.

సప్తమ ప్రకరణం: సిద్ధాంతం

ఇప్పుడు అసలు ప్రశ్న. జూలో ఓపిక ఎవరిది?

ఫోటోల పోటీకి పంపే ప్రతి ఫోటో వెనక ఒక వాక్యం రాసి ఉంటుంది: 'గంటల తరబడి ఓపికగా నిరీక్షించి తీసిన చిత్రం'. శాస్త్రం ఈ వాక్యాన్ని విచారణకు పిలిచింది.

పూర్వపక్షం: నిలబడ్డవాడు ఫోటోగ్రాఫరే. కాళ్లు లాగినవి అతనివే. కనుక ఓపిక అతనిదే.

ఉత్తరపక్షం: అతని జేబులో తిరుగుబస్సు టికెట్ ఉంది. విసుగు పుడితే క్యాంటీన్‌కు పోవచ్చు, అక్కడి నుంచి ఇంటికీ పోవచ్చు. లేచిపోయే వీలున్నవాడిది ఓపిక కాదు, తీరిక. రైతు సంగతి వేరు. విత్తనం అప్పుతో కొన్నాడు, మోడం కోసం చూస్తున్నాడు. అతను పోవాలంటే పొలం వదిలి పోవాలి. మరీ కురవకపోతే బెంగళూరులో కట్టే మేడల కిందికి కూలికి పోతాడు కూడా. ఆ సంగతి నవ్వులాట గ్రంథంలో చెప్పేది కాదు. పోనీ అతనికైనా పోవడానికి ఒక రోడ్డుంది. మోంటిసోన్ ప్రభువు ఫోటోలో ఊచల అవతలి జనం సాయంత్రం కాగానే ఇళ్లకు పోయారు. ఒబేష్ పోలేదు.

హైదరాబాద్ నెహ్రూ జూలో ఒక గలపాగోస్ తాబేలు ఉండేది. 1963లో జూ తెరిచినప్పుడు పబ్లిక్ గార్డెన్స్ నుంచి వచ్చింది. 2024 మార్చిలో, 125 ఏళ్లని చెప్పే వయసులో, కన్నుమూసింది. ముక్కాలి పీట మీద పెట్టె కెమెరా పెట్టినవాడు, ఫిల్ము రీలు చుట్టినవాడు, మెడలో డిజిటల్ కెమెరా వేలాడేసుకున్నవాడు, సెల్‌ఫోన్ కర్రకు తగిలించినవాడు, అందరూ దాని ముందుకు వచ్చి 'కదలడం లేదే' అని వెళ్లిపోయారు. వాళ్లలో ఎవరూ అంతసేపు నిలబడలేదు గనక అది కదలడం చూడలేదు. అది మాత్రం వాళ్లు మారడం అంతా చూసింది.

కనుక ఓపిక మూడు విధాలని తేలింది. అధమం, ఫోటోగ్రాఫర్‌ది: పెట్టుబడి కెమెరా టికెట్. మధ్యమం, రైతుది: పెట్టుబడి విత్తనం. ఉత్తమం, బోనులో జంతువుది: పెట్టుబడి ఆయుష్షు. తక్కిన రెండింటినీ ఎదుట పెట్టుకుని మొదటివాడు 'ఓపిక నాది' అని రాసుకోవడం శాస్త్రవిరుద్ధం.

కాబట్టి ఇకమీదట జూ ఫోటో కింద పేర్లు వేసే పద్ధతి మార్చాలని ఈ శాస్త్రం శాసిస్తోంది. 'ఫోటో: ఫలానా' అని ఒక వరస. దాని కింద 'ఓపిక: పులి' అని ఇంకో వరస. మొదటి బహుమతి ఫోటోగ్రాఫర్ తీసుకోవచ్చు. ప్రోత్సాహక బహుమతి మాంసంగా మార్చి కీపర్ చేతికి ఇవ్వాలి, పులికి నగదు చెల్లదు గనక.

ఫలశ్రుతి

ఈ శాస్త్రాన్ని పొద్దున చదివినవారికి బస్సులో కిటికీ పక్క సీటు దొరుకుతుంది. మధ్యాహ్నం చదివినవారికి జూ క్యాంటీన్‌లో చిల్లర దొరుకుతుంది. సాయంత్రం చదివినవారికి మేత వేళ తప్పదు. తట్టువాదులు చదివితే చేతులు జేబులో పెట్టుకుంటారు. ధారావాదులు చదివితే మెమరీ కార్డులో చోటు మిగులుతుంది. అర్థం తెలిసి చదివినవారు ముందు ఒక గంట కెమెరా సంచిలోనే ఉంచి, ఆ జంతువు ఏం చేస్తోందో, ఏం చేయలేకపోతోందో చూస్తారు. ఆ తర్వాత తీసే ఫోటో బాగా రావచ్చు, రాకపోవచ్చు. బ్యాటరీ మాత్రం తప్పకుండా మిగులుతుంది. ఇది అనుభవప్రమాణం, దీనికి పూర్వపక్షం లేదు.